భయానికి కూలి

సాయంత్రం అసర్ నమాజుకు ఇంకా గంటకు పైగానే ఉంది. నమాజు చేసుకుని ఇటే వస్తానన్నాడు ఫకీర్ మహమ్మద్ చాచా. వచ్చి, ఈ దుకాణంలోనే, ఈ కొత్త పరుపుల మీదే కూర్చుని నన్ను ఒక్క ప్రశ్న అడుగుతాడట. ఆ రోజు నువ్వన్న మాట అమానతా, హిస్సానా? అంతే. కాగితం లేదు. సాక్షిగా ఉన్న అమ్మీ పోయి నాలుగేళ్ళు దాటింది. మిగిలింది నేనూ, నా చెల్లెలు రుహీ, మా ఇద్దరి తర్వాత పుట్టిన కాశిఫ్. వాడేమో "ఆపా ఏదంటె అదే ఖాయం చాచా, నేను ఎదురు చెప్ప" అని అక్కనైన నా మీదే వదిలేసి ముందే చేతులెత్తేశాడు. అమానత్ అంటే దాచిపెట్టమని ఇచ్చింది. ఇచ్చినంతా తిరిగి ఇస్తే సరిపోయింది, లాభంతో దానికి పని లేదు, నష్టంతోనూ లేదు. హిస్సా అంటే వాటా. దుకాణం మునిగితే దానితోపాటే మునుగుతుంది, తేలితే తేలుతుంది. ఆరేళ్ళ కింద ఒకే రోజు, ఒకే గదిలో, నేనూ రుహీ చెరో మూడు లక్షలు కాశిఫ్ చేతిలో పెట్టాం. తను హిస్సా అంది, నేను అమానత్ అన్నాను. ఇప్పుడు దుకాణం తేలింది. లాభంలో సగం కాశిఫ్ కష్టానికి, సగం రుహీ డబ్బుకు. నేను కూడా హిస్సా అన్నానంటే రుహీ సగంలో సగం నాది. అందుకే నేనే తగువు ఎత్తి, అబద్ధం చెప్పడానికి వచ్చి కూర్చున్నాను. పొద్దున అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసుకున్నాను కూడా. హిస్సా. నోరు బాగానే తిరుగుతోంది.

అంత అవసరమా నీకు అని అడిగితే, లేదు. ఇల్లు సొంతం. మా ఆయనకు పెన్షన్ వస్తుంది, ఇద్దరం తినగా మిగులుతుంది. బీపీ గోళీలు తప్ప నాకు ఖర్చే లేదు. అయినా కడుపు మండుతోంది. దాచడమెందుకు, మండుతోంది. అన్నం ముందు కూర్చుంటే రుహీ ఇంటి మీద లేచిన కొత్త గది గుర్తొస్తుంది. దాని కూతురు తమన్నా స్కూటీ మీద పోతుంటే, ఆ బండి టైర్లలో గాలి నా మూడు లక్షలదే అనిపిస్తుంది. బోర్డు చూడండి, ఆర్‌కే కాటన్ బెడ్స్. ఆర్ అంటే రుహీ, కే అంటే కాశిఫ్, వరంగల్లో ఎవరికైనా అర్థమవుతుంది. కాశిఫ్ మాత్రం ఆర్ అంటే అబ్బా పేరు రహ్మత్ అని బుకాయిస్తాడు. అబ్బా మీద అంత ప్రేముంటే పూర్తి పేరు రాయించొచ్చు కదా, అక్షరానికి ఇంత అని పెయింటరు అడిగాడా? పక్కన నా పేరులోని ఎస్ పెట్టడానికి జానెడు చోటు ఉంది. కొలిచి చూశాను.

దుకాణం వెనక మిషన్ దూదిని చీల్చి చీల్చి ఎగరేస్తోంది. గాల్లో నూగు తేలుతోంది, కొంగు మీద, చాయ్ గ్లాసు అంచు మీద, నా కనురెప్పల మీద వాలుతోంది. ఎదురుగా నేల మీద కట్టమ్మ పరుపు పరుచుకుని కూర్చుని పొడుగు దబ్బనంతో కుట్లు వేస్తోంది. దబ్బనం దిగినప్పుడల్లా పరుపు ఊపిరి వదిలినట్టు చిన్నగా శబ్దం. ఈవిడ మొదటి నుంచీ ఇక్కడే పని చేస్తోంది. నన్ను పలకరించాలనో, ఊరికే కూర్చున్నానని జాలిపడో నోరు విప్పింది. "మీ చెల్లె మస్తు మంచిదమ్మా. మా బిడ్డ కాన్పుకు దవాఖానకు వచ్చి రాత్రంత కూసున్నది." నేను ఊఁ అన్నాను. "దుకాణం మూతబడ్డప్పుడు సుత మాకు బియ్యం ఆగనియ్యలే." నేను మళ్ళీ ఊఁ అన్నాను. మంచిదే. ఎవరు కాదన్నారు? దానికి లాభమొస్తోంది, లాభమొచ్చేవాళ్ళు మంచిగా ఉండటానికి ఏం రోగం? నాకూ వస్తే నేనూ దవాఖానలో కూర్చునేదాన్ని. ఇలా అనుకుని, అనుకున్నందుకు సిగ్గుపడి, సిగ్గుపడినందుకు ఇంకా కోపమొచ్చి చాయ్ ఒక్క గుటకలో తాగేశాను. నాలుక కాలింది. అబద్ధం చెప్పాల్సిన నాలుక.

చిన్నప్పుడు కాజీపేట దర్గా ఉర్సు జాతరలో కూడా ఇంతే. జెయింట్ వీల్ ఎక్కుదామని రుహీ ఏడుపు, అబ్బా సరేనన్నాడు. నాకు పద్నాలుగేళ్ళు, దానికి ఆరు. నేను ఎక్కనన్నాను. పోయినేడు దాని బోల్టు ఊడి ఎవరో పడ్డారని మా క్లాసు పిల్ల చెప్పింది. "ఐతె నువ్వు కింద ఉండి చెప్పులు చూసుకో" అన్నాడు అబ్బా. కాళ్ళు వేలాడుతుంటే జారిపోతాయని అందరూ చెప్పులు నా దగ్గర వదిలి ఎక్కారు. అబ్బావి, అమ్మీవి, రుహీవి, పక్కింటివాళ్ళవి కూడా. తొమ్మిది జతలు. ఒక్కటి పోనివ్వలేదు. వాళ్ళు దిగి వచ్చి ఏం చెప్పుకున్నారో తెలుసా, పై నుంచి స్టేషన్లో రైళ్ళన్నీ కనపడ్డాయట, దర్గా గుమ్మటం అరచేతిలో పట్టేంతగా ఉందట, రుహీ అబ్బా మెడ పట్టుకుని కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచిందట. వారం రోజులు అవే ముచ్చట్లు. తొమ్మిది జతల గురించి ఒక్కళ్ళు మాట్లాడలేదు. బోల్టు ఊడలేదు కాబట్టి నేను పిరికిదాన్నయ్యాను. ఊడితే? ఊడితే నన్ను తెలివైనదంటూ వాళ్ళందరూ దవాఖానలో పడుండేవాళ్ళు. నాకు అది కావాలా అంటే, అల్లా సాక్షిగా కాదు. కానీ ఒక్క బోల్టు, చిన్నది, ఎవరికీ దెబ్బ తగలకుండా, జర వదులైనా అయ్యుండొచ్చు కదా.

మా ఆయన హమ్మాద్ బ్యాంకులో అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. ఫైళ్ళు మోస్తూ మోస్తూ మేనేజర్లకంటే ఎక్కువ నేర్చుకున్నానంటాడు. రుహీ లాభం సంగతి ఎత్తి నేను మొత్తుకున్న రోజు తాపీగా వక్కలు కత్తిరిస్తూ ఒక పాఠం చెప్పాడు. "సర్కారు బ్యాంకోడు నూటికి ఏడు ఇస్తడు. ఊరు పేరు లేని ఫైనాన్సోడు పదకొండిస్తనంటడు. ఆ నాలుగు ఎందుకిస్తాండు? నీ మీద మొహబ్బత్ తోని ఇస్తాండా? నీకు నిద్ర పట్టది గద, రేపు వీడు ఉంటడో జెండా ఎత్తేస్తడో అని. దానికి ఇచ్చే కూలి అది. భయానికి కూలి." నాకు ఒళ్ళు మండింది. కూలి అంటే పని చేసిన వాళ్ళకు ఇవ్వాలి. రుహీ ఏం భయపడింది? నవ్వుతూనే కదా ఉంది! పెళ్ళిళ్ళలో నవ్వింది, ఈద్‌కు నవ్వింది, సేమ్యా గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడి నవ్వింది. భయపడిందాన్ని నేను. మూడు లక్షలు ఏమవుతాయోనని ముందే భయపడి అమానత్ అన్నాను. లెక్క ప్రకారమైతే ఆ కూలి నాకు రావాలి. ఇదే మాట ఆయనతో అంటే వక్క నోట్లో వేసుకుని, "ముందు భయపడి బయట నిలబడ్డోళ్ళకు కూలి ఉండదే. లోపలికి పోయి భయపడాలె" అన్నాడు. ఆ రాత్రి కూరలో ఉప్పు వెయ్యలేదు నేను.

ఆ రోజు గుర్తుంది. మరిచిపోయినట్టు నటించగలను గానీ మరిచిపోలేదు. రఘునాథపల్లి దగ్గర అమ్మీ పేర ఉన్న కొంచెం భూమి అమ్మితే వచ్చిన డబ్బు. అమ్మీ మా ముగ్గురికీ సమానంగా పంచింది. కాశిఫ్ తన వాటాతో మిషన్ కొంటానన్నాడు, సరుకుకు ఇంకా కావాలన్నాడు. కేసముద్రం మార్కెట్లో దూది కొంటాడట, హసన్‌పర్తి కాలేజీల హాస్టళ్ళకు పరుపులు కుట్టి ఇస్తాడట. "మన మతంల వడ్డీ లేదు, మీకెరికే. హిస్సా తీసుకోండ్రి. నఫా వస్తె సగం మీది, నుక్సాన్ వస్తె పైసలు మీవి పోతయ్, నా కష్టం పోతది." రుహీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "హిస్సా" అంది, పచ్చి మిరపకాయ కొరికినట్టు. నేను అమ్మీ వైపు చూశాను. అమ్మీ తస్బీ పూసలు తిప్పుతోంది, ఏమీ చెప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే! నేను కాశిఫ్ చెయ్యి పట్టుకుని, "నాది అమానత్ రా, జర పైలం" అన్నాను. వాడు తల మీద చెయ్యి పెట్టుకుని "నీ అమానత్ నా జిమ్మ ఆపా" అన్నాడు. ఎంత ముద్దుగా అన్నాడు! ఆ మాటకే ఆ పూట గెలిచినదాన్ని నేననుకున్నాను.

తర్వాత మూడు నెలలకే కరోనా. కాలేజీలు మూత, హాస్టళ్ళు మూత, పరుపుల మీద పడుకునే పిల్లలే లేరు. నేను ప్రతి శుక్రవారం ఫోన్ చేసేదాన్ని. సలాం, ఎట్లున్నవ్, తిన్నవా, నా అమానత్ పదిలమేనా? "నీది పదిలం ఆపా, ఫికర్ చేయకు." నేను నిజంగానే ఫికర్ చేయలేదు. హాయిగా నిద్రపోయాను. కానీ ఆ రోజుల్లోనే ఒకసారి తమన్నా ఫోన్లో నోరు జారింది, మామూ రోజూ సాయంత్రం వచ్చి పోతున్నాడని. రోజూనా? మండీ బజారు నుంచి రుహీ ఉండే హసన్‌పర్తికి, పోలీసులు కట్టెలు పట్టుకుని నిలబడ్డ రోడ్డు మీద, రోజూ? మా ఇల్లు దుకాణం నుంచి నాలుగు సందులు. నా దగ్గరికి రాలేదు. వాడిని ఎత్తుకుని తిప్పింది నేను. వాడికి మశూచి పోసినట్టు ఒంటి నిండా పొక్కులు లేచినప్పుడు వేపాకులు పరిచి పక్కన పడుకుంది నేను. పదేళ్ళు వచ్చే దాకా నా చెయ్యి పట్టుకుంటేనే నిద్రపోయేవాడు. ఇప్పుడు దూది రేటు పడిపోయిందని చెప్పుకోవడానికి రుహీ కావాలి, ఏ హాస్టలు ఆర్డరు వద్దందో చెప్పడానికి రుహీ కావాలి. నాకు పదిలం అన్న ఒక్క మాట. అమానత్ ఇచ్చిన దానికి ఏం చెప్పాలి, చెప్పడానికేముంటుంది? డబ్బు కోసం వచ్చానని ఈ బజారంతా అనుకుంటుంది, మా ఆయనా అనుకుంటున్నాడు. అనుకోనీ. ఆ సాయంత్రాలు నాకు రావాలి. వాటిలో సగం నాకు రావాలి. అవి ఎవరూ ఇప్పించలేరు కాబట్టి డబ్బయినా పట్టుకుపోతాను.

మిషన్ ఆగింది. చెవుల్లో ఒక్కసారిగా బజారు నిండింది, ఆటోల హారన్లు, ఇనుప సామాన్ల చప్పుడు, ఎవరో ఫోన్లో తిట్టుకోవడం. మసీదు మైకు గరగరమంది. అజాన్. కొంగు తల మీదికి లాక్కున్నాను. అల్లాను పిలుస్తున్న ఆ గొంతు వింటూ అబద్ధాన్ని నోట్లో సిద్ధం చేసుకుంటున్న ఆడది ఈ బజారులో నేనొక్కదాన్నే అయ్యుండను, అందరూ వ్యాపారులే కదా అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. అసలు అది పూర్తి అబద్ధమా? నేను అమానత్ అన్నది మాట వరసకు. పోగొట్టకురా అని చెప్పడానికి మనవాళ్ళు అనే మాట అది. నా డబ్బూ ఈ దూదిలోనే కదా పడింది, ఈ మిషన్లోనే కదా తిరిగింది. దాంతో కుట్టిన పరుపులు అమ్మితే వచ్చిన లాభం నాది కాకపోతే ఎవరిది? నా నోట ఒక మాట, నా మనసులో ఒక మాట. మనసులో మాట చెబితే అబద్ధమెట్లా అవుతుంది? వకీలు దగ్గరికి పోయినా నాదే న్యాయం.

రుహీ వచ్చింది. చెప్పులు విడిచి, నా పక్కనే కూర్చుని, నా తల మీది దూది నూగు ఒక్కొక్కటే తీసి పడేస్తోంది. వద్దే అనాలి, అనలేదు. కాశిఫ్ నమాజు నుంచి చాచాను వెంటబెట్టుకుని వచ్చాడు. చాచాకు ఎనభై దగ్గర పడుతున్నాయి, అబ్బాకు వరసకు తమ్ముడు, ఇంట్లో తగువులన్నీ ఆయన దగ్గరే తెగుతాయి. పరుపు మీద కూర్చోబోయి మెత్తదనానికి ఒరిగిపోయాడు, కాశిఫ్ పట్టుకుని ఒక దిండు తెచ్చి వెనక పెట్టాడు. కట్టమ్మ దబ్బనం పరుపుకే గుచ్చి బయటికి పోయింది. చాచా నా వైపు తిరిగాడు.

"చూడు బేటీ, నేను నీ మనుసుల ఏమున్నదో అడుగుత లేను. మునిగితె నాది సుత మునుగుతదని ముందుగాల్నే ఒప్పుకున్నోళ్ళకే నఫాల హక్కు. ఒప్పుకోనోళ్ళకు అసలు వస్తె చాలు. గందుకే ఆ మాట అడుగుతాన. నువ్వు ఏమన్నవ్?"

"హిస్సా అన్న చాచా" అన్నాను. పొద్దున అద్దం ముందు అన్నట్టే.

కాశిఫ్ తల వంచుకుని "ఆపా అంటె అంతే" అన్నాడు. ఎదురు చెప్పనన్నవాడు నిజంగానే చెప్పలేదు. రుహీ చెయ్యి నా తల మీద ఆగింది. లేచింది. లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమన్న శబ్దం. ఏడుస్తుందేమో, అరుస్తుందేమో అని చూస్తున్నాను, రెంటికీ నా దగ్గర జవాబు ఉంది. తను మాత్రం ఒక మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అమ్మీ పాత ఆకుపచ్చ ఓణీ ముక్క. దానికి మూడు ముడులు. ముడి మీద ముడి వేసి కొసను లోపలికి దోపే పద్ధతి ఈ లోకంలో నా ఒక్కదానిదే.

"ఐతె ఇది ఇన్నేండ్లు ఊకెనే పండుకున్నది ఆపా. నీది హిస్సా అని మాకు ఎరుక లేకపాయె. తప్పు మాదే" అంది రుహీ.

ఎత్తిపొడుపు కోసం దాని ముఖమంతా వెతికాను. దొరకలేదు. చాచా ముందుకు వంగి, "గిదేందిరా, ముట్టనే లేదా?" అన్నాడు. "అమానత్ అన్... అనుకున్న చాచా. ముడి విప్పితె అది అమానత్ ఎట్లైతది?" అన్నాడు కాశిఫ్. బజారంతా అమానత్ తీసుకుంటుంది, సరుకులో పెడుతుంది, అడిగినప్పుడు ఇస్తుంది. ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్న మొండివాడు నా తమ్ముడొక్కడే. నా వేళ్ళు ముడులు విప్పుతున్నాయి. లోపల గులాబీ రంగు రెండు వేల నోట్లు, సర్కారు వెనక్కి తీసుకుని ఎన్నాళ్ళో అయిన నోట్లు, నూట యాభై, అట్లాగే. "హైదరాబాద్ పోతె రిజర్వు బ్యాంకోళ్ళు ఇప్పటికి సుత తీసుకుంటాన్రట" అంటున్నాడు చాచా ఎవరికో చెబుతున్నట్టు. ఈ దూదిలో నాది ఒక్క పోచ కూడా లేదు. ఈ మిషన్లో, ఈ పరుపుల్లో, ఆ బోర్డులో ఎక్కడా లేదు.

"కరోనాల గిన్ని పైసలు బీరువాల ఉండంగ, సరుకోళ్ళకు ఎట్ల కట్టినవురా?" చాచా అడిగాడు. కాశిఫ్ రుహీ వైపు చూశాడు. "నా గాజులు, గొలుసు అమ్మినం చాచా" అంది రుహీ మామూలుగా. "వీడైతె ఒక్కసారి మూట దిక్కు చూసిండు. నేనే వద్దన్న. ఆపా భయపడ్తదని తాళంచెయ్యి నా దగ్గర పెట్టుకున్న."

సిగ్గు రావాలి కదా ముందు. రాలేదు. ముందు వచ్చింది అసూయే. నా డబ్బుకు కాపలా కూడా అదే కాసింది. ఆ శుక్రవారాలన్నీ నేను నిద్రపోయింది దాని మేలుకోవడం మీద. ఆ తర్వాత సిగ్గు వచ్చింది, కాళ్ళలో మొదలై పైకి. "అమానత్ అన్న చాచా" అన్నాను. "ఇంతకుముందు చెప్పింది అబద్ధం. అమానతే అన్న." చాచా కళ్ళు మూసుకుని తల ఊపాడు. కాశిఫ్ ఏడుస్తున్నాడు, ఇంత గడ్డం పెట్టుకుని. నేను నోట్లు పక్కకు నెట్టి రుహీ వైపు తిరిగాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అడగని మాట అప్పుడు అడిగాను.

"నీకు భయం కాలేదానే?"

"మస్తైంది ఆపా. రాత్రిళ్ళు లేచి కూసునేదాన్ని. నీ తానికి వచ్చి నీ పక్కన పండాల్ననిపించేది." అది నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "రెండుసార్లు మీ సందు దాకా వచ్చిన సుత. నువ్వు తలుపు తీసి, ముందు నా పైసలెట్లున్నయని అడుగుతవని మళ్ళిపోయిన."